అక్షరం కింద గాలి

(చిల్లకూరులో మేస్త్రిగారి స్మారక సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చుపాఠం)



ఆహ్వానపత్రికలో మేస్త్రిగారి పేరు వేయలేదేమని నిన్న ఒక పెద్దాయన అడిగారు. ఇంటివాళ్లే వద్దన్నారండీ. ముప్పై ఏళ్లకు పైగా ఆయన ఇతరుల పేర్లు అచ్చుకు పేర్చారు. తన పేరు ఒక్క పుస్తకంలోనూ లేదు, ఉండాలని ఆయన అడగనూ లేదు. గూడూరులో కొన్నాళ్లు, చెన్నపట్నంలో చాలాకాలం కంపోజింగు చేసి, కళ్లు మసకబారాక ఈ ఊరికి తిరిగొచ్చారు. ఊరు ఆయన్ని అచ్చు మేస్త్రి అంది. మేమంతా మేస్త్రిగారూ అని పిలిచాం. ఈ పాఠంలోనూ ఆ పిలుపే ఉంచుతున్నాను.

నేను పుస్తకాలకు సంపాదకత్వం చేస్తాను. ఆ పని నాకు నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, అక్షరాన్ని చూడటం నేర్పింది మాత్రం ఆయనే. అందుకే ఈ రోజు నేను ఎంచుకున్న విషయం పుస్తకపు అక్షరం. సినిమా పోస్టరు మీద అక్షరం వేరు, పెళ్లిపత్రిక అక్షరం వేరు, దుకాణం బోర్డు అక్షరం వేరు. వాటి పని మనల్ని ఆపడం. పుస్తకపు అక్షరం పని మనల్ని ఆపకుండా నడిపించడం. మూడు వందల పేజీలు, రాత్రి దీపం దగ్గర, కంటికి నొప్పి తెలియకుండా.

ఇంగ్లీషులో ఈ పనికి ఒక అక్షర కుటుంబమే ఉంది. సెరిఫ్ అక్షరాలంటారు. గీత మొదలయ్యేచోటా ముగిసేచోటా చిన్న పాదంలాంటిది ఉంటుంది, గీతలో లావూ సన్నమూ ఉంటాయి. పదహారో శతాబ్దంలో పారిస్‌లో క్లోడ్ గారమాన్ చెక్కిన అచ్చుల వంశం ఇప్పటికీ పుస్తకాల్లో బతికే ఉంది. లండన్ టైమ్స్ పత్రిక 1932 అక్టోబరులో తన కోసం ప్రత్యేకంగా చేయించుకుని వాడటం మొదలుపెట్టిన టైమ్స్ న్యూ రోమన్ మన తాలూకా ఆఫీసు కాగితాల దాకా వచ్చింది. ఆ భాషలో పుస్తకం వేసేవాడికి ఏ అక్షరంతో వేయాలన్న బెంగ లేదు, ఎంచుకోవడమే పని. మరి మనకో?

ఈ ప్రశ్న మేస్త్రిగారిని అడిగితే ఆయన సూటిగా జవాబు చెప్పలేదు. ‘ముందు తలకట్టు సంగతి చూడు అబ్బయా’ అన్నారు. నాకు ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

చిల్లకూరు ఇసుక గురించి ఈ సభకు నేను చెప్పాల్సిన పని లేదు. కోట, చిల్లకూరు మండలాల తెల్ల ఇసుక గాజు తయారీకి పోతుందని పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం ఇసుకంటే మొదట అక్షరమే. మా అవ్వ చాటలో ఇసుక పలచగా పరిచి, నా చూపుడువేలు తన చేత్తో పట్టుకుని అ ఆలు దిద్దించింది. ఇసుకలో రాసిన గీత అంతా ఒకే లావున ఉండదు. వేలు ఆగినచోట గుంట వెడల్పవుతుంది, జారినచోట సన్నబడుతుంది. మలుపు దగ్గర ఇసుక ఒక పక్కకు గట్టు కడుతుంది. అక్షరానికి బరువు ఎక్కడుంటుందో, ఊపు ఎక్కడుంటుందో ఆ చాటలోనే కనపడింది. ‘క’ దిద్దేటప్పుడు అవ్వ చివర్లో వేలు పైకెత్తించి, తల మీద చిన్న గంటు పెట్టించేది. అదే తలకట్టు.

ఆ గంటు చాలా పాతది. బ్రాహ్మి నుంచి దిగివచ్చిన దక్షిణాది లిపుల్లో, రాతి మీద నిలువుగీత చెక్కేటప్పుడు శిల్పి దాని తలమీద ఒక చిన్న గుర్తు విడిచేవాడు. ఉలి మొదట పడే చోటు అది. రోమన్ రాతి అక్షరాల తలా పాదం మీద కనపడే ముక్కుల్లాంటిదే. శతాబ్దాలు గడిచేకొద్దీ రోమన్ లిపిలో అది అలంకారంగా, కంటికి ఆనవాలుగా స్థిరపడింది. మన దగ్గర అది అక్షరంలో భాగమైపోయింది. కన్నడంలో అడ్డంగా పరుచుకుంది, తెలుగులో పక్షి రెక్క విదిల్చినట్టు పైకి లేచింది. అంతటితో ఆగక దానికి ఉద్యోగం కూడా దొరికింది. ‘క’ మీద తలకట్టు తీసి గుడి పెడితే ‘కి’. కొమ్మిస్తే తలకట్టు నిలబడుతుంది, ఎత్వమిస్తే దిగిపోతుంది. ఖ, జ, ట, బ, ల లాంటి కొన్ని అక్షరాలకు అసలు తలకట్టే లేదు, వాటి తల వేరేగా ముగుస్తుంది. సెరిఫ్ తెలుగులో ఉందా అని అడిగేవాళ్లకు నేనిచ్చే జవాబు ఇదే. ఉంది, మన సెరిఫ్‌కు అర్థం కూడా ఉంది. అక్షర రూపకర్త తలకట్టును ఎలా గీస్తాడో చూస్తే చాలు, అతను తెలుగు చదువుతాడా, లేక తెలుగును బొమ్మలా చూస్తున్నాడా అన్నది తెలిసిపోతుంది.

మన చుట్టుపక్కల రాళ్ల మీద ఉన్న అక్షరాలను ఒకచోట చేర్చిన పని ఒకటి ఉంది. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా రాగిరేకుల, శిలాశాసనాల సంపుటాలు మూడింటిని 1905లో వెలువరించారు. తాలూకాల వారీగా కూర్చారు, గూడూరు తాలూకాకు ప్రత్యేకంగా వరస సంఖ్యలున్నాయి. మన తాలూకా రాళ్ల మీద ఎవరెవరు ఏమేం రాయించుకున్నారో తెలుసుకోవడానికి చరిత్రకారులు నేటికీ ఆ సంఖ్యలే చెబుతారు. హైస్కూలు పిల్లలు ఒక్కసారి ఆ సంపుటాలను తిరగేసి, తర్వాత గుడిలో ఉన్న రాయి దగ్గరికి వెళ్లి వేలితో ఆ గాట్లు తడిమి చూడాలని నా కోరిక.

రాయి తర్వాత ఆకు. ఈ తీరంలో తాటిచెట్లకు కొదవ లేదు. ఆకు మీద ఇనుప గంటంతో గీసినప్పుడు లావూ సన్నమూ పుట్టవు. గంటం ఒకటే మందంతో గీస్తుంది, పైన మసి రుద్దితే ఆ గీతలో నలుపు నిలబడుతుంది. అడ్డగీతలు గీస్తే ఆకు ఈనె వెంట చీలుతుంది గనుక మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలంటారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సంప్రదాయ అక్షరం అన్నప్పుడు ఏ సంప్రదాయాన్ని తలుచుకోవాలి? తాటాకు మీది సమమైన గీతనా, కలం పట్టిన రాయసకాడి లావు సన్నాల గీతనా, సీసపు అచ్చులోదా? పాత పద్ధతిలో ఉండాలి అని తేలిగ్గా అనేస్తాం. మూడు పాతలున్నాయి మనకు, మూడూ మనవే.

సీసపు కథ చాలా దూరంలో మొదలైంది. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు తన దేశం తిరిగి వెళ్లాక 1746, 47 ప్రాంతాల్లో జర్మనీలోని హాలే పట్నంలో చిన్నచిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు చదవని దేశంలో తెలుగు అచ్చు పుట్టింది. తర్వాత బెంగాలులోని శ్రీరామపురం. అక్కడ పంచానన కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ అచ్చులు చెక్కడంలో పేరు తెచ్చుకున్నారు. లోహపు పనివాళ్ల ఇంట పుట్టినవాళ్లు వాళ్లు. 1812 మార్చిలో అక్కడి మిషనరీ ముద్రణాలయం కాలిపోయింది. అచ్చులు కరిగిపోయాయి, రాతప్రతులు బూడిదయ్యాయి. అక్కడి మతబోధకుడు విలియం కేరీ సిద్ధం చేసుకున్న తెలుగు వ్యాకరణం కూడా ఆ మంటల్లోనే పోయింది. ఆయన మళ్లీ మొదటి నుంచి రాసుకుని 1814లో అచ్చు వేయించాడు. రెండేళ్లు! కంప్యూటరులో ఒక ఫైలు పోతే వారం రోజులు దిగులుగా తిరిగే నాకు ఆ రెండేళ్లు తలుచుకుంటే గుండె నిండుతుంది.

చెన్నపట్నంలో సెయింట్ జార్జి కోట కాలేజీ కోసం క్యాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణం 1816లో వచ్చింది. బ్రౌన్ దొర నిఘంటువు 1852లో వచ్చింది. ఆ రెంటికీ మధ్య, తర్వాత కూడా, తెలుగు అచ్చు నెమ్మదిగా మన చేతుల్లోకి వచ్చింది. అది మన సీమవాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ కథ. నెల్లూరు సీమవారైన వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో చెన్నపట్నంలో ముద్రణాలయం పెట్టారు. ఆయన కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు 1956లో కన్నుమూసేదాకా దాన్ని ఒక విద్యాలయంలా నడిపారు. మూడు తరాల తెలుగు పండితుల అలమారల్లో ఏ పుస్తకం వెన్ను చూసినా వావిళ్ల ప్రతి ఉంటుంది. గూడూరు జంక్షన్‌లో రైలెక్కితే చెన్నపట్నం సుమారు 140 కిలోమీటర్లు. ఆ రైలు మార్గంలోనే మేస్త్రిగారూ వెళ్లారు, ఆయన తోటి కంపోజిటర్లు ఎందరో వెళ్లారు. చెన్నపట్నపు తెలుగు అచ్చులో నెల్లూరు సీమ వేళ్లు చాలా ఉన్నాయి. ఏ పుస్తకమూ వాళ్ల లెక్క రాసుకోలేదు.

ఆ పని ఎలా ఉండేదో పిల్లలకోసం కొంచెం చెబుతాను. ఒక్కో అక్షరం ఒక్కో సీసపు ముక్క. ఉత్త సీసం కాదు, గట్టిపడటానికి ఆంటిమొనీ, తగరం కలిపిన లోహం. ముక్కలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పొట్టిదైతే సిరా అంటదు, ఒకటి పొడుగైతే కాగితం చిరుగుతుంది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కుడిచేత్తో కేసులోంచి ముక్క ఏరడం. ముక్క ఒంటి మీద ఒక గాటు ఉంటుంది, బొటనవేలికి ఆ గాటు తగిలితే అక్షరం తిన్నగా ఉందని అర్థం, చూడక్కర్లేదు. ముక్క మీద అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. మేస్త్రిగారు తిరగబడిన తెలుగును మనం తిన్నని తెలుగును చదివినంత వేగంగా చదివేవారు. చివరి రోజుల్లో, చూపు తగ్గాక కూడా, వేలికొనతో తడిమి ‘ఇది 12 పాయింటు ధ’ అని చెప్పడం నేను చూశాను.

ఇంగ్లీషు కంపోజిటరుకు పైకేసు, కిందికేసు అని రెండు పెట్టెలుంటే పని జరిగిపోతుంది. తెలుగుకు అవి ఏ మూలకూ చాలవు. హల్లులు, వాటి గుణింతాలు, గుడి కలిసిన రూపాలు, కొమ్ము కలిసిన రూపాలు, ప్రతి హల్లుకూ వత్తు, కొన్నిటికి ప్రత్యేక వత్తులు. గళ్లు వందల్లో ఉంటాయి. కంపోజిటరు ఒక్కచోట నిలబడి చేసే పని కాదు అది, రోజంతా పెట్టెల మధ్య నడక. అచ్చయ్యాక ప్రతి ముక్కనూ కడిగి మళ్లీ దాని గడిలో వేయాలి. ‘థ’ గడిలో ‘ధ’ పడిందో, మర్నాటి పుస్తకంలో ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది.

ఈ ఒక్క తప్పు గురించి ఆయన నాకు గంటసేపు చెప్పారు. రెంటికీ కింద చిన్న నిలువుగీత ఉంటుంది, థ కడుపులో మాత్రం చుక్క ఉంటుంది. అంతే తేడా. అచ్చు అరిగితే చుక్క పోతుంది. సిరా ఎక్కువైతే కడుపు పూడిపోతుంది. అక్షరం గీసినవాడు చుక్కను పిరికిగా పెడితే కొత్త అచ్చులోనే అది కనపడదు. ఈ మూడూ వందేళ్లు జరిగాయి. చదివేవాళ్ల కళ్లు ‘కధ’కు అలవాటు పడ్డాయి, చదివినట్టే రాయడం మొదలుపెట్టారు. పిల్లలకు స్పెల్లింగు రాదని మనం వాళ్లను తిడతాం. తప్పు సగం అక్షర రూపంలో ఉందని నేను నమ్ముతాను. ప, వ లూ అంతే. ప మీద తలకట్టు అక్షరానికి అంటకుండా నిలబడాలి, వ మీద అంటుకోవాలి. ఆ సందు పూడితే పాలు వాలవుతాయి, పలక వలక అవుతుంది. పుస్తకపు అక్షరానికి మొదటి పరీక్ష అందం కాదు. ఈ సందులు, ఈ చుక్కలు చిన్న సైజులో, నాసి కాగితం మీద, అరవై ఏళ్ల కంటికి నిలబడతాయా అన్నదే.

ఇక యంత్రాలు. ఇక్కడ నాకు కొంచెం బాధ ఉంది, దాచుకోను. లైనోటైపు యంత్రం గొప్ప యంత్రం, సీసాన్ని వరసలు వరసలుగా పోసిచ్చేది. దాని మ్యాగజైనులో ఉన్నవి 90 కాలువలు. ఇంగ్లీషుకు అవి సరిపోతాయి. వందల రూపాలున్న తెలుగును ఆ 90 కాలువల్లోకి తోయాలంటే ఏమవుతుంది? అక్షరాన్ని ముక్కలు చేయాలి. గుడి వేరు, కొమ్ము వేరు, తలకట్టు వేరు. టైపురైటరు మీట్లు ఇంకా తక్కువ. వత్తు అక్షరం కిందికి చేరలేక పక్కకు జారి, కుంటుతూ నిలబడ్డ కాగితాలు మీలో పెద్దలంతా చూసినవే. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. డీటీపీ తొలి రోజుల ఫాంట్లకు 256 గడులు, అందులోనూ కొన్ని యంత్రమే ఉంచుకునేది. మళ్లీ అదే ముక్కలాట. ప్రతి యంత్రమూ తెలుగు నుంచి ఏదో ఒకటి కోసుకుంది. ముందు పోయింది అరసున్న. తర్వాత బండి ఱ. ౘ, ౙ ఎప్పుడో పోయాయి. ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అని వలపలగిలకతో అచ్చువేసిన పాత పుస్తకం చూపిస్తే ఇప్పటి డిగ్రీ విద్యార్థి మధ్యలో తొమ్మిది అంకె ఎందుకుందని అడుగుతాడు. భాష మారడం వేరు. భాష తనంతట తాను వదిలేసినవాటి గురించి నేను ఏడవను. పెట్టెలో గడి లేదు గనుక పోయినవాటి గురించే నా బాధ.

నా సొంత అనుభవం ఒకటి. కొన్నేళ్ల కిందట పాత పద్యాలకు వ్యాఖ్య ఒకటి సిద్ధం చేశాను. టైపు చేసింది ఒక పాత ఫాంటులో, అచ్చుకు ఇచ్చేటప్పుడు ఇంకోదానికి మార్చారు. మార్పిడిలో అరసున్నలన్నీ రాలిపోయాయి, చాలాచోట్ల ఱలు రలయ్యాయి. నేను ప్రూఫు చూసి సంతకం పెట్టాను. నా కంటికి అర్థం కనపడింది, అక్షరం కనపడలేదు. పుస్తకం వచ్చాక మేస్త్రిగారికి ఇచ్చాను. ఆయన మొదటి పద్యం దగ్గర వేలు పెట్టి, మెల్లగా, ‘యతి ఎక్కడబ్బయా?’ అన్నారు. బండి ఱతో కుదరాల్సిన యతి మామూలు ర దగ్గర తప్పిపోయింది. పద్యానికి యతి చెడితే ఇక మిగిలేది ఏముంది? ఆ ప్రతులు నేను ఎవరికీ అమ్మలేదు.

ఇప్పుడు మంచి కబురు. 1991లో, కంప్యూటరు అక్షరాల ప్రమాణమైన యూనికోడు మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దొరికింది. ౘ, ౙ లు 2008లో చేరాయి, పాత నకారపొల్లు 2021లో చేరింది. అరసున్న మొదటి నుంచీ ఉంది. అంతకన్నా పెద్ద మార్పు ఫాంటు లోపల జరిగింది. ఇప్పటి ఓపెన్‌టైపు ఫాంటులో 65 వేలకు పైగా రూపాలు పట్టే చోటుంది. మనం క, పొల్లు, ష అని మూడు మీట్లు నొక్కితే లోపలి సూత్రం వాటిని కలిపి ‘క్ష’ బొమ్మ తెచ్చి పెడుతుంది. కేసుల మధ్య మేస్త్రిగారి నడకంతా ఆ సూత్రమే నడుస్తుంది. నేను ఈ సంగతి వివరిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అయితే ఇంక గడి లేదనే వంక లేదన్నమాట’ అన్నారు. నేను ఈ రోజు చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. వందల ఏళ్లలో మొదటిసారి, యంత్రం తెలుగు అక్షరానికి అడ్డు చెప్పడం లేదు. ఇక పుస్తకం వికారంగా వస్తే ఆ బాధ్యత రూపకర్తది, ప్రచురణకర్తది, నాలాంటి సంపాదకుడిది.

ఈ చోటును వాడుకున్నవాళ్లున్నారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు తెర మీద తెలుగు కనపడేలా చేసింది, ఆ మేలు మరువలేం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’, ‘వేమన’ అనే ఖతులు, అంటే ఫాంట్లు, చేసి ఉచితంగా ఇచ్చారు. పండితుడు గీసిన అక్షరం గనుక పోతనలో పాత పుస్తకాల నడక కనపడుతుంది, నేను చాలాకాలం దానితోనే పద్యాలు కూర్చాను. సిలికానాంధ్ర సంస్థ పూనికతో పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామరాజ, సూరన్న, గిడుగు, గురజాడ అని మన కవుల, పెద్దల పేర్లతో వరసగా ఖతులు వచ్చాయి. వాటిలో చాలావరకు శీర్షికలకు బాగుంటాయి. పుస్తకం పొడుగునా చదివించడానికి నాకు అవి కొంచెం గొంతెత్తి మాట్లాడినట్టు అనిపిస్తాయి. ఇది నా చెవి సంగతి, ఒప్పుకోనివాళ్లు ఉండొచ్చు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరొకటి. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం మూర్తి క్లాసికల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే గ్రంథమాలను 2015 జనవరిలో ఐదు సంపుటాలతో మొదలుపెట్టింది. ఆ ఐదింటిలో ఒకటి మన అల్లసాని పెద్దన మనుచరిత్ర, అనువాదం వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. ఆ ఎడమ పేజీ కోసం ప్రత్యేకంగా ఒక తెలుగు అక్షరం చేయించారు. చేసినవాళ్లు ఇంగ్లండుకు చెందిన ఫియోనా రాస్, కెనడాలోని టైరో టైప్‌వర్క్స్‌కు చెందిన జాన్ హడ్సన్. రాస్ 1970ల చివర నుంచి లైనోటైపు సంస్థలో మన దేశపు లిపుల మీద పనిచేసిన మనిషి, ఆ కాలపు ముక్కలాటను దగ్గర నుంచి చూసినావిడ. ఆ పని తర్వాత ‘టైరో తెలుగు’ పేరుతో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయటికి వచ్చింది.

ఆ పుస్తకం మేస్త్రిగారి చేతిలో పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశారు. పద్యం చదవలేదు ముందు, తెలుపు చూశారు. అవును, నలుపు కాదు, తెలుపే. అక్షరానికి అక్షరానికి మధ్య తెలుపు, వత్తు చుట్టూ తెలుపు, థ కడుపులో తెలుపు. గీతలో లావూ సన్నమూ ఉన్నాయి, కానీ అవి ఎదుటివాడి కళ్లలో పొడవడం లేదు. తలకట్టు అలంకారంగా అతికించినట్టు లేదు, గీత చివర చెయ్యి తీసినట్టుంది. ‘సీసం నాటి బరువుంది’ అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు. తర్వాత, ‘దీనికి బొద్దక్షరం లేదా?’ అని అడిగారు. లేదు. మామూలు రూపం ఉంది, వాలు రూపం ఉంది. ఇంగ్లీషు పుస్తకానికి వాలు రూపం అవసరం. తెలుగులో మాటను ఎత్తి చూపాలంటే మనం లావు చేస్తాం గానీ వాల్చడం మన అలవాటు కాదు. తలకట్టు అసలే వాలి ఉంటుంది, దాన్ని ఇంకా వాలిస్తే పడిపోయేట్టుంటుంది. పాఠ్యపుస్తకానికి, నిఘంటువుకు, వ్యాఖ్యతో కూడిన కావ్యానికి బొద్దు రూపం లేకుండా పని జరగదు. సముద్రాలకు అవతల ఉన్నవాళ్లు పద్యం పేజీకి ఇంత చేసిపెట్టారు. మిగిలింది మనం చేసుకోవాల్సింది కాదా?

1930లో లండన్‌లో బియాట్రిస్ వార్డ్ అనే ఆవిడ అచ్చు రూపకర్తల సభలో ఒక ప్రసంగం చేశారు. మంచి అచ్చు స్వచ్ఛమైన గాజు పాత్రలాంటిదనీ, లోపలి పానీయం కనపడాలి గానీ పాత్ర కనపడకూడదనీ ఆవిడ వాదన. గాజుకు ఇసుకనిచ్చే ఊళ్లో నిలబడి ఆ మాట తలుచుకోవడం నాకు బాగుంది. అయినా నేను ఆవిడతో సగమే ఏకీభవిస్తాను. మన వేసవిలో మనం నీళ్లు గాజులో దాచుకోం, మట్టికుండలో దాచుకుంటాం. కుండ కనపడుతుంది, కుండ ఊపిరి పీలుస్తుంది, నీళ్లకు తన చల్లదనం ఇస్తుంది. తెలుగు పుస్తకపు అక్షరం నాకు అలాంటి కుండ. తిక్కన భారతాన్ని పాత వావిళ్ల ప్రతిలో చదవడం వేరు, అదే పాఠాన్ని ఫోను తెర మీద చదవడం వేరు. మాటలు అవే, నీళ్లు అవే, చల్లదనం తేడా.

ఇక గాలి సంగతి. తెలుగు వరస మూడంతస్తుల ఇల్లు. పైన గుడులు, ఏత్వాలు, నడుమ అక్షరం, కింద వత్తులు. ‘స్త్రీ’ అనే ఒక్క మాటలో కింద రెండు వత్తులు, పైన దీర్ఘం. ఇంగ్లీషు పుస్తకం 10 పాయింట్ల అక్షరాన్ని 12 పాయింట్ల ఎడంతో పేర్చి హాయిగా ఉంటుంది. అదే కొలత తెలుగుకు పెడితే పైవరస వత్తు కిందివరస గుడికి తగులుతుంది. కాగితం ఆదా అవుతుందని ఆ కొలతే పెట్టేవాళ్లు ఈ రోజుకీ ఉన్నారు. మేస్త్రిగారు వరసల మధ్య ఎడం కోసం లెడ్డు అనే సీసపు పట్టీ పెట్టేటప్పుడు ఎవరెంత చెప్పినా తగ్గేవారు కాదు. ‘అక్షరం కింద గాలి ఆడాల అబ్బయా. గాలి లేకుండా దించితే పైవాడి కాలు కిందోడి నెత్తిన పడతాది’ అనేవారు. ఒకసారి యజమాని కాగితం ఖర్చు గురించి కోప్పడితే, అక్షరం సైజు అర పాయింటు తగ్గించారట గానీ లెడ్డు తీయలేదట. నేను ఇప్పుడు 12 పాయింట్ల తెలుగుకు 20 పాయింట్ల ఎడం ఇస్తాను. ఎవరైనా ఎక్కువంటే ఆ లెడ్డు కథ చెబుతాను.

నాకొక కోరిక ఉంది, అది ఈ ఊరి సాయం లేకుండా తీరదు. నెల్లూరు, గూడూరు, చెన్నపట్నం ముద్రణాలయాల్లో పనిచేసి వచ్చినవాళ్ల ఇళ్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. వాళ్ల అటకల మీద పాత పంచాంగాలు, శతకాలు, 1930 నుంచి నెల్లూరులో నడుస్తున్న జమీన్ రైతు పాత సంచికలు, ఒక్కోచోట గుప్పెడు సీసపు అచ్చులు కూడా దొరుకుతాయి. వాటిని పాతసామాను వాడికి వేయకండి. బడికి తెండి. పిల్లల చేత ఫోటోలు తీయిద్దాం, ఏ అక్షరం ఏ కాలంలో ఎలా ఉందో వరస పెడదాం. రేపు తెలుగు పుస్తకానికి బొద్దు రూపం గీయబోయే అమ్మాయో అబ్బాయో ఈ సభలో వెనక బెంచీల మీదున్న హైస్కూలు పిల్లల్లోనే ఉన్నారేమో. వాళ్లకు చూసుకోవడానికి ముందుతరం చేతిపని కళ్లెదుట ఉండాలి.

మేస్త్రిగారి భార్య ఆయన పెట్టెలోంచి ఒక స్టిక్కు తీసి నిన్న నాకిచ్చారు. అందులో బిగించిన వరస ఒకటి ఇంకా చెదరకుండా ఉంది. ఏ పుస్తకానికో, ఎందుకు ఆగిందో తెలియదు. అద్దం పెట్టి చదివాను. ఒక పిల్లల వాచకంలోది అయివుండాలి, అఆఇఈలు వరసగా ఉన్నాయి. ఋ దగ్గర ఆగిపోయింది.

ఈ ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా వేస్తున్నారు. 12 పాయింట్లు, 20 పాయింట్ల ఎడం. ప్రూఫులు నేనూ మరొకరూ వేరువేరుగా చూశాం. అరసున్నలు, బండి ఱలు లెక్కపెట్టి చూశాం. ‘కథ’ అన్న ప్రతిచోటా చుక్క ఉందా లేదా అని మళ్లీ ఒకసారి దానికోసమే మొదటి నుంచి చివరిదాకా తిప్పాం. అయినా తప్పు దొరికితే ఆ పేజీలోనే పెన్సిలుతో దిద్ది, బళ్లో ఇవ్వండి. నాకు చేరుతుంది.